వాని వీసా మీద లేడు గాబట్టి

‘ఆడుజీవితం’ సినిమా రెండుసార్లు చూశాను. మొదటిసారి 2024 మార్చి చివర, థియేటర్లో. చాలామందిలాగే నేనూ కళ్లు తుడుచుకుని, పృథ్వీరాజ్ తగ్గిన బరువు గురించి, రెహమాన్ సంగీతం గురించి ఆఫీసులో రెండ్రోజులు మాట్లాడి ఊరుకున్నాను. రెండోసారి అదే ఏడాది జూలైలో, నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక, లాలాపేట్‌లో మా ఇంట్లో, మా పెద్దమ్మ కొడుకు పక్కన కూచుని చూశాను. ఈ వ్యాసం ఆ రెండోసారి చూసిన సినిమా గురించి.

అన్నది జగిత్యాల దగ్గర ఊరు. 2008 నుంచి 2013 దాకా సౌదీలో ఉన్నాడు. ఊళ్లో మాత్రం ఆయన ‘దుబాయ్ పోయొచ్చినోడే’. మా వైపు కత్తర్ పోయినా, మస్కట్ పోయినా అంతా దుబాయే. కొడుకు ఓయూలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాడు. వాడికి హాస్టల్ తిండి పడట్లేదని నెలకోసారి సకినాలో, తొక్కో డబ్బాల్లో పెట్టుకుని అన్న వస్తాడు. రాత్రి మా ఇంట్లో పడుకుని, పొద్దున్నే తార్నాక మీదుగా క్యాంపస్‌కి పోతాడు.

ఎడారి సీన్లన్నీ ఆయన ఫోన్ చూసుకుంటూ చూశాడు. ఒకసారి మాత్రం తలెత్తి ఒంటెలు మంచిగున్నాయన్నాడు. హకీం చనిపోయే చోట మా ఆవిడ ఏడుస్తుంటే లేచెళ్లి నీళ్లు తెచ్చిచ్చాడు. సినిమా అయిపోవస్తోందనగా, జైలు సీను దగ్గర ఫోన్ పక్కన పెట్టేశాడు.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పారిపోయి దొరికిన పనివాళ్లని వరసగా నిలబెడతారు. యజమానులు వచ్చి ‘వీడు నావాడు’ అని గుర్తుపట్టి తీసుకుపోవచ్చు. మూడేళ్లకి పైగా నజీబ్‌ని మేకల మందలో బందీగా పెట్టినవాడు కూడా వస్తాడు. నజీబ్ ముందు ఆగుతాడు. ఆగి, వదిలేసి పోతాడు. ఎందుకో తర్వాత తెలుస్తుంది. నజీబ్ అసలు వాడి వీసా మీద వచ్చినవాడు కాదు. విమానాశ్రయంలో ఎవరూ తీసుకెళ్లడానికి రాక దిక్కులు చూస్తుంటే, వాడు వచ్చి బండెక్కించుకుపోయాడు, అంతే. తన వీసా మీదే ఉండుంటే ఈడ్చుకుపోయేవాడే.

మొదటిసారి నాకిది కథ చివర పెట్టిన ఒక చిన్న మెలిక అనిపించింది. అన్న అన్న మాట వేరు. “జూసినవా తమ్మీ? వాని వీసా మీద లేడు గాబట్టి బతికిండు. ఉంటే పోలీసోళ్లే బండెక్కిచ్చి పంపుదురు.”

ఆ రాత్రి నిద్ర పట్టక బెన్యామిన్ నవల మళ్లీ తీశాను. మలయాళంలో 2008లో వచ్చింది. నేను చదివింది 2012 నాటి జోసెఫ్ కొయిపల్లి ఇంగ్లీషు అనువాదం. సినిమా చూసినప్పుడు నా బుర్రకి తట్టని విషయం ఒకటి అక్కడ మొదటి పేజీల్లోనే ఉంది. నవల ఎడారిలో మొదలవదు. రియాద్‌లో, పోలీస్ స్టేషన్ ముందు మొదలవుతుంది. నజీబూ, హమీద్ అనే ఇంకొకడూ తమని అరెస్టు చెయ్యమని కనిపెట్టుకుని ఉంటారు. ఎవరూ పట్టించుకోరు. రోజుల తరబడి పోలీసుల కళ్లబడేలా తిరుగుతారు. చివరికి ఎలాగో పట్టుబడి, హమ్మయ్య అనుకుంటారు. ఇంటికెళ్లే దారి జైల్లోంచే ఉందన్నమాట. ఆ తర్వాత, గుర్తింపు వరసలో హమీద్‌ని వాడి యజమాని వచ్చి పట్టుకుపోతాడు. హమీద్ అతని కాగితం మీద ఉన్నాడు కాబట్టి.

బ్లెస్సీ సినిమా ఈ జైలుని తీసుకెళ్లి చివరికి నెట్టేసింది. అలా నెట్టడంతో కథ మారిపోయింది. నవల్లో ఎడారి జైలు మధ్యలో ఒక జ్ఞాపకం. సినిమాలో ఎడారే కథ, జైలు ముగింపు. నవల అడిగే ప్రశ్న “ఈ మనిషికి ఇంటికి పోవడానికి అరెస్టవడం ఎందుకు అవసరమైంది?” అని. సినిమా అడిగేది “ఈ మనిషి బతికి బట్టకడతాడా?” అని. రెండోది మంచి ప్రశ్నే. కానీ అది ఏ ఎడారిలో తప్పిపోయిన ఏ మనిషి గురించైనా అడగొచ్చు. మొదటిది కఫాలా ఉన్న చోట మాత్రమే అడగగలం. సునీల్ కె.ఎస్. కెమెరా ఎడారిని అద్భుతంగా పట్టుకుంది, కాదనను. ఇసుకకి ఫొటో వస్తుంది. అకామాకి ఏం వస్తుంది?

కఫాలా అంటే ఏమిటో రెండు ముక్కలు. గల్ఫ్ దేశాల్లో విదేశీ కార్మికుడి వీసా, ఉండే అనుమతి, పని అనుమతి అన్నీ ఒక స్థానిక యజమానికి ముడిపడి ఉంటాయి. అతనే కఫీల్. మన హైదరాబాద్‌లో ఉర్దూ వచ్చిన పెద్దవాళ్లకి ఇది గౌరవమైన మాట. పూచీ ఉండేవాడు, బాధ్యత తీసుకునేవాడు అని. అనాథని చేరదీసినవాడికీ అదే మాట. ఉర్దూలో డిగ్రీ చదువులు చెప్పడానికి పుట్టిన విశ్వవిద్యాలయం పక్కన ఉంటూ ఈ మాట అర్థం నేను అన్న నోట నేర్చుకోవాల్సి వచ్చింది. అక్కడ దాని అర్థం ఏమైందంటే, ఆ పూచీదారు ఊ అనకపోతే పని మారడం లేదు, చాలా దేశాల్లో చాలాకాలం దేశం దాటడం కూడా లేదు. చెప్పకుండా వెళ్లిపోతే పారిపోయాడని అతను ఫిర్యాదు చేస్తాడు. ఆ రోజు నుంచి నువ్వు దొంగవి. సౌదీలో ఆ ఫిర్యాదుని ‘హురూబ్’ అంటారు.

అలా కఫీల్‌ని వదిలి బయటపడ్డవాళ్లకి మనవాళ్లు పెట్టుకున్న పేరు ‘ఖల్లివెల్లి’. అరబ్బుల వాడుకలో ఆ మాటకి ‘పోనీ, వదిలెయ్’ అని అర్థం. విసుగొచ్చినప్పుడు అనేది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకి వచ్చేసరికి అదొక చట్టపరమైన హోదా అయి కూచుంది. “మా తమ్ముడు ఖల్లివెల్లి అయిండు” అంటే ఊళ్లో ఎవరూ అర్థం అడగరు. మన కథకులు మాత్రం ఈ మాట వాడాల్సి వస్తే కొటేషన్లలో పెట్టి, కింద అర్థం ఇస్తారు. ఎవరి కోసం ఇస్తున్నట్టు?

ఇక అన్న సంగతి. ఆయన కఫీల్ మంచివాడు. ఇది నేను వ్యంగ్యంగా అనడం లేదు. రిటైరైన ముసలాయన. అన్న ఇంటి డ్రైవర్, ‘సాయిక్ ఖాస్’ వీసా. జీతం నెలకి 1,000 రియాళ్లు, ఒక్క నెలా ఆగలేదు. రంజాన్‌లో తనతో కూచోబెట్టుకుని తినిపించేవాడట. పెద్దమ్మకి ఆపరేషన్ అంటే అడక్కుండానే డబ్బులిచ్చాడు. పాస్‌పోర్ట్ మాత్రం ఆయన బీరువాలోనే ఉండేది. అది తప్పని ఆయనకీ అనిపించలేదు, అన్నకీ అనిపించలేదు.

2012లో ఆయన పోయాడు. కొడుకులు ముగ్గురు, ఆస్తి పంపకాల్లో పడ్డారు. బండ్లు పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు. డ్రైవర్ ఎవరి పేరు మీదికి రావాలో తేలలేదు. ఒకడు నా దగ్గర ఉండు అన్నాడు గానీ కాగితం మార్పించలేదు. అకామా గడువు అయిపోయింది. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. ఒక పొద్దున లేచేసరికి అన్న ఖల్లివెల్లి. తర్వాత ఏడాది దాకా సిమెంట్ పని, ఖర్జూరం తోట, ఎక్కడ పని ఉంటే అక్కడ, పోలీస్ బండి కనపడితే సందులోకి. 2013 ఏప్రిల్‌లో సౌదీ ప్రభుత్వం కాగితాల్లేనివాళ్లు జరిమానా లేకుండా హోదా సరిచేసుకోవచ్చు, లేదా వెళ్లిపోవచ్చు అని గడువిచ్చింది. ఆ గడువుని నవంబర్ 3 దాకా పొడిగించారు. పాస్‌పోర్ట్ లేదు కాబట్టి ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్ మీద అన్న అక్టోబర్‌లో శంషాబాద్‌లో దిగాడు. ఏజెంటుకి కట్టడానికి నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చిన 1,20,000 అప్పు అప్పటికి తీరింది గానీ, చేతిలో మిగిలింది పెద్దగా లేదు.

ఈ కథ తెలుగులో ఎవరైనా రాశారా? నేను చదివినంతలో లేదు. రాస్తే దీన్ని గల్ఫ్ కథ అని ఒప్పుకుంటామా అని కూడా నా అనుమానం. ఇందులో దుర్మార్గుడు లేడు.

మన గల్ఫ్ కథకి ఒక అచ్చు తయారైంది. బోర్లు ఎండిపోతాయి, లేదా మగ్గం ఆగిపోతుంది. ఏజెంటు వస్తాడు, అప్పు చేస్తారు. అక్కడ చెప్పిన పని ఒకటి, చేయించేది ఇంకొకటి. యజమాని క్రూరుడు. చివరికి పెట్టె వస్తుంది. పెట్టె మీద పడి భార్య ఏడుస్తుంది. ఇది అబద్ధమని అనడం లేదు. ఆ పెట్టెలు శంషాబాద్‌కి వస్తూనే ఉన్నాయి. సిరిసిల్ల నేల మీంచి వచ్చిన పెద్దింటి అశోక్‌కుమార్ ‘ఎడారి మంటలు’ లాంటి నవల రాసి ఈ బతుకులకి సాహిత్యంలో చోటిచ్చారు. పి. సునీల్‌కుమార్ రెడ్డి 2017లో ‘గల్ఫ్’ అని ఏకంగా సినిమానే తీశారు, అందులో ప్రేమకథ ఎక్కువైందన్న ఫిర్యాదు నాకున్నా. పాటలకైతే లెక్కే లేదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు ముక్కల్లో ఒక ప్రాంతం చరిత్ర చెప్పుకున్నవాళ్లం మనం.

నాకున్న పేచీ ఎక్కడంటే, ఈ అచ్చులో విలన్ ఎప్పుడూ ఒక మనిషి. ఏజెంటు మోసగాడు, కఫీల్ రాక్షసుడు. చదివినవాడికి మంచి ఏజెంటు, మంచి కఫీల్ దొరికితే గొడవ లేదనే భావన మిగులుతుంది. ‘ఆడుజీవితం’లోనూ అంతే. నజీబ్‌ది ఒక రకంగా కిడ్నాప్. అది ఏ దేశంలోనైనా నేరమే. దానికి కఫాలా అక్కర్లేదు. అందుకే ఆ నవల్లో అసలు భయంకరమైన పాత్ర నజీబ్ యజమాని అని నేననుకోను. చట్టబద్ధంగా వచ్చి, చట్టబద్ధంగా గుర్తుపట్టి, పోలీసుల ముందే హమీద్‌ని తీసుకుపోయినవాడు. వాడికి దక్కింది కొన్ని పేజీలే. బెన్యామిన్ చేతికి దొరికిన వజ్రం అది. ఆయన దాన్ని అక్కడే వదిలేసి మళ్లీ మేకల దగ్గరికి వెళ్లిపోయాడని నా విమర్శ.

కాగితాన్ని పాత్రగా చేసి కథ ఎలా రాస్తారు, అది సాహిత్యమా, ఆఫీసు ఫైలా అని ఒక మిత్రుడు అడిగాడు, తార్నాక మెట్రో స్టేషన్ కింద చాయ్ తాగుతూ. నాకు వెంటనే రావిశాస్త్రి గుర్తొచ్చాడు. ‘ఆరు సారా కథలు’లో ఆయన చేసింది అదే కదా! మద్యనిషేధ చట్టం అనే ఒక్క కాగితాన్ని తీసుకుని, దాని చుట్టూ పోలీసులూ, ప్లీడర్లూ, సాక్షులూ, సారా అమ్మే ఆడవాళ్లూ ఎలా తిరుగుతారో చూపించాడు. అందులో మంచివాళ్లూ ఉన్నారు, చెడ్డవాళ్లూ ఉన్నారు, చట్టం మాత్రం అందరినీ ఒకేలా నములుతూ పోతుంది. విశాఖలో ప్లీడరు కాబట్టి ఆయనకి చట్టం లోపలి నుంచి తెలుసు. కఫాలాకి ఒక రావిశాస్త్రి కావాలి. వాడు ఏ దమ్మామ్ క్యాంపులోనో టైమ్‌కీపర్‌గా ఉండి ఉంటాడు.

ముడిసరుకు కావాలంటే కొల్లలు. ఉదాహరణకి పదో తరగతి మెమో. మన 1983 వలస చట్టం ప్రకారం పది పాసవనివాడి పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. 18 దేశాలకి పనికి పోవాలంటే వాడు ప్రభుత్వం దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. రక్షణ కోసమే ఈ ఏర్పాటు. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని నిబంధన కూడా ఉంది. కానీ క్లియరెన్స్ ఒక తిప్పట అనుకున్న ఏజెంటు మనిషిని విజిట్ వీసా మీద ఎక్కించేస్తాడు. అంటే ఏ కాగితమైతే వాణ్ని కాపాడాలో, దాన్ని తప్పించుకోవడంతోనే వాడి ప్రయాణం మొదలవుతుంది. అన్న పదిలో లెక్కల్లో పోయాడు. నేను ఇంజినీరింగ్ చదివాను. మా ఇద్దరి పాస్‌పోర్టులూ పక్కపక్కన పెడితే ఆ ముద్ర తేడా కనిపించేది. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరిలో ఎవరి మీద ప్రభుత్వం ఓ కన్నేసి ఉంచాలో ఒక లెక్కల పరీక్ష తేల్చింది. ఇందులో కథ లేదా?

ఇక్కడ నా సంగతి కూడా చెప్పకపోతే దొంగతనం అవుతుంది. నేను అమెరికాలో ఆరేళ్లు హెచ్1బి మీద ఉన్నాను. 2022 చివర్లో ఉద్యోగం పోయింది. కంపెనీ పేరు అనవసరం. నా మేనేజర్ కూడా మంచివాడే, జూమ్ కాల్‌లో నాకంటే ముందు వాడే ఏడ్చాడు. వాడి కన్నీళ్ల వల్ల నాకున్న 60 రోజులు 61 కాలేదు. ఆ 60 రోజుల గడువైనా 2017 నుంచి వచ్చిందే. కొత్త కంపెనీ దొరక్క, సామాను అమ్మేసి లాలాపేట్ వచ్చేశాను. అన్న అప్పుడొక మాటన్నాడు. “నీ కఫీల్ జచ్చిపోయిండా తమ్మీ?” ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ పోలికని ఎక్కువ లాగకూడదని నాకూ తెలుసు. నా పాస్‌పోర్ట్ ఎవరి బీరువాలోనూ లేదు. నా టికెట్ నేను కొనుక్కున్నాను. ఇక్కడికొచ్చిన మూడు నెల్లకి మళ్లీ ఉద్యోగం దొరికింది. ఖర్జూరం తోటలో దాక్కున్న మనిషితో నన్ను పోల్చుకుంటే అది సిగ్గుచేటు. కానీ కాగితం లెక్క మాత్రం ఒకటే. అనుమతి మనిషికి కాకుండా యజమానికి కట్టి ఉంటే, యజమాని మంచితనం అతను ఉన్నంతసేపే. దక్షిణ కొరియా 2004లో ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ సిస్టమ్ అని పెట్టింది. ఏజెంట్ల దోపిడీ లేకుండా ప్రభుత్వాల మధ్యే ఒప్పందం, మన పక్కన నేపాల్ నుంచి వేలమంది భాషా పరీక్ష రాసి పోతారు. అందులో కూడా మొదటి మూడేళ్లలో పనిచోటు మార్చుకోవడం మామూలుగా మూడుసార్లకి మించి కుదరదు, అదీ చట్టం ఒప్పుకున్న కారణాలుంటేనే. ఏజెంటు పోయాడు, ముడి పోలేదు.

అమెరికా నుంచి వచ్చే తెలుగు కథలు నేను బానే చదువుతాను. అమ్మానాన్నల ఒంటరితనం, పిల్లల భాష, ఆవకాయ, మంచు. గ్రీన్‌కార్డు ఎదురుచూపు వస్తే జోకుగా వస్తుంది. ఉద్యోగం పోయిన మనిషి లాప్‌టాప్ ముందు కూచుని రోజులు లెక్కపెట్టుకునే కథ ఎందుకు తక్కువ? సిగ్గు వల్ల అని నా ఊహ. మనం కూడా ఒకరి పేరు మీద ఉన్నవాళ్లమే అని ఒప్పుకోవడం కష్టం. గల్ఫ్ కథ మీద జాలిపడటం తేలిక. ఈ పత్రిక చదివే మిత్రుల్లో నాలాంటివాళ్లు ఉంటారు, కోపం వస్తే రానివ్వండి.

కన్నీటి కథల వల్ల మేలే జరగలేదా అంటే జరిగింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తూ ఉత్తర్వులిచ్చింది. ఏళ్ల తరబడి రాసినవాళ్లు, పాడినవాళ్లు, ధర్నాలు చేసినవాళ్లు లేకపోతే అది వచ్చేది కాదు. కానీ చూడండి, అది కూడా పెట్టెకే వచ్చింది. మన సాహిత్యానికి దొరికిన సన్నివేశం చావు, మన ప్రభుత్వానికి దొరికిన పద్దూ చావే. గడువు తీరిన అకామాతో సందులో నక్కినవాడికి కథా లేదు, జీవో లేదు.

అక్కడ మార్పులు వస్తున్నాయి. కత్తర్ ప్రపంచ కప్ ముందు, 2020లో, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారొచ్చని చట్టం మార్చింది. సౌదీ 2021 మార్చి 14 నుంచి కొన్ని షరతులతో పని మారడానికి, దేశం దాటి వెళ్లడానికి వీలిచ్చింది. ఈ వార్త చదివినప్పుడు సంతోషపడి అన్నకి ఫోన్ చేశాను. తర్వాత మినహాయింపుల జాబితా చూశాను. ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, పశువుల కాపర్లు ఆ మార్పు కిందికి రారు. నజీబ్ రాడు, అన్న రాడు.

సినిమా చూసిన మర్నాడు పొద్దున అన్న కొడుకు హాస్టల్ నుంచి మా ఇంటికే వచ్చాడు. వాడికి ప్రాజెక్టు రాయాలి, ‘తెలుగు కథల్లో గల్ఫ్ వలస’ అని. లైబ్రరీలో దొరికిన కథల జాబితా చూపించి, “కాకా, ఇంకేమన్న పుస్తకాలున్నయా?” అని అడిగాడు. నేను అల్మారా వెతుకుతుంటే అన్న తన చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసి వాడి ముందు పెట్టాడు. ఆధార్, రేషన్ కార్డుతో పాటు ఎప్పుడూ దగ్గరుంచుకునే కవరట. అందులో ఔట్‌పాస్ జిరాక్స్, అకామా జిరాక్స్ ఉన్నాయి.

అకామాలో ఫొటో నల్లగా వచ్చింది. మిగతా అంతా అరబ్బీ. వాడు ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చేసుకున్నాడు. పేరు దగ్గర ఇంటిపేరు, పేరు కలిసిపోయి కొత్త మనిషెవరో తయారయ్యాడు. వృత్తి, ప్రైవేటు డ్రైవర్. మతం. గడువు తేదీ. ఆ తర్వాత ఒక పెద్ద పేరు, తండ్రి పేరు, తాత పేరు అన్నీ కలుపుకుని.

“ఇదెవరిది బాపూ, నీ పేరు పైనున్నది గదా?”

“మా ముసలాయినది,” అన్నాడు అన్న. కాగితం తీసుకుని, అరబ్బీ రాకపోయినా ఆ పేరు మీద వేలు పెట్టి పూర్తిగా, తడబడకుండా చదివాడు. మళ్లీ మడిచి కవర్లో పెట్టాడు.